తల్లి కట్టిన రక్ష

నాగార్జునకొండ హారీతి గుడి మొదలు మాచర్ల వెండి కొట్ల దాకా పల్నాటి తాయెత్తుల కథ

నాగార్జునకొండ లోయలో దొరికిన ఒక రాతి దేవత మీద ప్రాకృత భాషలో చిన్న శాసనం ఉంది. ఆ విగ్రహాన్ని చేయించింది ఇక్ష్వాకు మహారాజు ఎహువుల చాంతమూలుడి భార్య, మహాదేవి ఖండువుల. దాదాపు 1700 ఏళ్ల కిందటి సంగతి. రాజు భార్య రాతి మీద పేరు చెక్కించుకునేటప్పుడు పుట్టింటి గొప్ప, మెట్టినింటి గొప్ప ఎంతయినా చెప్పుకోవచ్చు. ఈవిడ మాత్రం తాను అవిధవనని, జీవపుత్రనని చెప్పుకుంది. పెనిమిటి బతికున్నాడు, కన్నబిడ్డలు బతికున్నారు. ఆ దేవత కూడా మోకాళ్లు ఎడంగా మడిచి, కాన్పుకు సిద్ధమైన భంగిమలో ఉన్న తల్లే. లజ్జాగౌరి అంటారు పరిశోధకులు.

బిడ్డ దక్కడమన్నది అంతటి భాగ్యం ఆ రోజుల్లో. అంతఃపురంలో అయినా, నాగులేటి ఒడ్డు గుడిసెలో అయినా అంతే. పల్నాట్లో ఈనాటికీ పసిబిడ్డ నడుముకు కట్టే నల్లతాడు, మెడలో వేసే తాయెత్తు ఆ భయంలోంచి పుట్టినవే. తాయెత్తు మాట ఎత్తగానే మూఢనమ్మకమని కొట్టిపారేసేవాళ్లున్నారు. మహిమ ఉందని చెప్పి అమ్ముకునేవాళ్లూ ఉన్నారు. నాకు ఈ రెండు దారులూ నచ్చవు. తాయెత్తు ఒక చరిత్ర పత్రం. ఇక్కడి తల్లులు ఏ కాలంలో దేనికి భయపడ్డారో, ఎవరిని నమ్ముకున్నారో అందులో ఉంది. దాన్ని ఓపిగ్గా చదవాలి, అంతే.

మొలతాడు మీద ఏమేమున్నాయి

పురుడయ్యాక, ఇంటి ఆచారాన్ని బట్టి పదకొండో రోజో ఇరవయ్యొకటో రోజో బిడ్డకు మొలతాడు కడతారు. ముందు నల్లనూలు పేనిన తాడు. కాస్త కలిగినవాళ్లయితే ఏడాది లోపు వెండిది చేయిస్తారు. ఆడపిల్ల మొలతాడుకు ముందువైపు రావి ఆకు ఆకారంలో సిగ్గుబిళ్ళ వేలాడుతుంది. దాని పక్కన తాయెత్తు. చిటికెనవేలి కణుపంత వెండి గొట్టం, రెండు కొసలా రెండు మూతలు, తాడు దూరడానికి పైన రెండు చిన్న రింగులు. లోపల రాగిరేకు చుట్టి పెట్టి, స్నానం చేయించేటప్పుడు నీళ్లు దిగకుండా లక్క పెట్టి మూసేస్తారు. వసకొమ్ము ముక్కకు బెజ్జం పెట్టి గుచ్చే ఇళ్లూ ఉన్నాయి. అదే వసను అరగదీసి నాలుక మీద రాస్తారు కూడా. మందుకూ రక్షకూ మధ్య మన పెద్దవాళ్లు గీత గీయలేదు.

ఇక చిల్లుకాణీ. రెండో ప్రపంచ యుద్ధకాలంలో లోహం ఆదా కోసమని మొదలుపెట్టి, 1943 నుంచి 1947 దాకా ప్రభుత్వం నడుమ చిల్లుతో కాణీలు ముద్రించింది. అవి చెల్లుబాటు కోల్పోయి ఎన్నో ఏళ్లయినా పల్నాటి పిల్లల నడుముల మీద మాత్రం నిలిచాయి. తాడు దూర్చడానికి వేరే బెజ్జం పెట్టే పనిలేదు, రాగి ఒంటికి మంచిదన్న నమ్మకం ఎటూ ఉంది, పైగా రాజముద్ర ఉన్న బిళ్ళ. ఈ మూడో కారణం చిన్నదేమీ కాదు. ఏలే ప్రభువు గుర్తు ఒంటి మీద ఉంటే చెడు దగ్గరికి రాదన్న ఊహ చాలా పాతది.

ఎంత పాతదో తెలియాలంటే వినుకొండ వైపు చూడాలి. అక్కడ రోమన్ బంగారు నాణేల పాతర దొరికింది. తిబేరియస్ చక్రవర్తి మొదలు కారకల్లా దాకా, అంటే రెండు వందల ఏళ్ల పాలకుల ముఖాలు అందులో ఉన్నాయి. మన దేశంలో దొరికిన రోమన్ నాణేల్లో చాలావాటికి బెజ్జాలుంటాయి, కొన్నిటికి కొక్కేలు అతికి ఉంటాయి. అవి బజారులో చెలామణీ కావడం మానేసి మెడలోకి ఎక్కాయన్నమాట. బంగారం కొనలేనివాళ్లకు మట్టి ఉంది. తెలంగాణలోని కొండాపూర్ తవ్వకాల్లో రోమన్ నాణేన్ని అచ్చుగుద్ది కాల్చిన మట్టిబిళ్ళలు బయటపడ్డాయి. తాడు దూరడానికి వాటికీ బెజ్జాలున్నాయి. పురావస్తు శాస్త్రజ్ఞులు వాటిని బుల్లా అని పిలుస్తారు. అసలు రోమ్‌లో బుల్లా అంటే మగపిల్లాడి మెడలో వేసే తాయెత్తే. పుట్టిన కొద్ది రోజులకు వేసి, యుక్తవయసు వచ్చి పెద్దవాళ్ల దుస్తులు తొడిగిన రోజున తీసి ఇంటి దేవతలకు సమర్పించేవారు. సముద్రం అవతలి తల్లికీ ఇదే బెంగ.

రేకులో పదిహేను

తాయెత్తు లోపలి రేకును చూసినవాళ్లు తక్కువ. చూడకూడదనేది నియమం. విప్పితే పని చేయదంటారు. కానీ రాసే పద్ధతి తెలిసిందే. వేలెడు వెడల్పు రాగిరేకును చదునుచేసి, మొనతేలిన ఇనుప పుల్లతో గళ్లు గీస్తారు. అడ్డంగా మూడు, నిలువుగా మూడు, మొత్తం తొమ్మిది గళ్లు. పై వరుసలో 6, 1, 8. నడిమి వరుసలో 7, 5, 3. కింద 2, 9, 4. ఎటు కూడినా పదిహేనే. అడ్డంగా, నిలువుగా, మూల నుంచి మూలకు కూడి చూసుకోండి. పురోహితుడు దీన్ని సూర్య యంత్రం అంటాడు. చుట్టూ బీజాక్షరాలు రాస్తాడు.

దర్గా దగ్గర సాహెబు రాసిచ్చే కాగితం మీదా తొమ్మిది గళ్ల చతురస్రమే తరచుగా కనిపిస్తుంది. గళ్లు కాస్త అటూ ఇటూ తిరిగి ఉండొచ్చు. అంకెలు అవే, కూడితే వచ్చేదీ పదిహేనే. చుట్టూ బీజాక్షరాలకు బదులు ఖురాన్ వాక్యాలుంటాయి. ఒకే లెక్క రెండు మతాల్లో రెండు పేర్లతో బతుకుతోంది. పల్నాటి ఊళ్లలో పీర్ల పండుగకు కులమతాలు చూడకుండా జనం కదులుతారు. బిడ్డకు జ్వరం తగ్గకపోతే హిందువుల ఇల్లాలు సాహెబు దగ్గర ఊదు వేయించుకుని దారం కట్టించుకురావడం ఇక్కడ వింత కాదు. రెంటచింతల లాంటి చోట్ల మేరీమాత పతకం, చిన్న శిలువ అదే మొలతాడు మీద చోటు చేసుకున్నాయి. బిడ్డ విషయంలో తల్లి ఏ తలుపూ తట్టకుండా వదలదు.

రేకు మీద రాసి, చుట్టి, ఒంటికి కట్టుకోవడం ఒక్క మన సొత్తు కాదు. 1979లో జెరూసలేం పక్కన కెతెఫ్ హిన్నోమ్ అనే చోట పాత సమాధుల్లో రెండు చిన్న వెండి చుట్టలు దొరికాయి. పెద్దదాన్ని విప్పితే పది సెంటీమీటర్లకు లోపే. పెళుసుబారిన ఆ వెండిని చిట్లకుండా విప్పడానికే ఏళ్లు పట్టింది. చదివితే, దేవుడు నిన్ను దీవించి కాపాడుగాక అనే అర్థం వచ్చే ఆశీర్వచనం బయటపడింది. బైబిలు పాఠంలో ఇప్పటివరకు దొరికిన అతి పాత నమూనా అది. క్రీస్తుకు పూర్వం ఏడో, ఆరో శతాబ్దానిది. పవిత్ర గ్రంథం పుస్తకాల అరలో కాకుండా ఎవరి మెడలోనో మిగిలింది. చైనాలోని చెంగ్డూలో 1944లో తాంగ్ రాజుల కాలం నాటి సమాధిని తెరిస్తే, మృతదేహం చేతి వెండి కడియంలో మడిచిపెట్టిన పల్చటి అచ్చుకాగితం కనిపించింది. దాని మీద ఉన్నది సంస్కృత ధారణి. మన దేశం నుంచి వెళ్లిన బౌద్ధ రక్షామంత్రం అచ్చయిన అతి పాత కాగితాల్లో ఒకటిగా అక్కడ నిలిచింది.

ఆ బౌద్ధం ఒకప్పుడు వెలిగిన చోటు మాచర్లకు దగ్గర్లోనే ఉంది. 1929లో నాగార్జునకొండ మహాచైత్యాన్ని తవ్విన పురావస్తు అధికారి లాంగ్‌హర్స్ట్‌కు స్తూపం ఆకారంలో చేసిన వెండి భరిణె దొరికింది. అందులో ముప్పావు అంగుళం గుండ్రటి బంగారు భరిణె, దాని లోపల బఠాణీ గింజంత ఎముక ముక్క, బంగారు పూలు, ముత్యాలు. బుద్ధుడిదని నమ్మే ఆ ధాతువును 1932లో సారనాథ్‌కు పంపించారు. పక్కనున్న ఒక చిన్న స్తూపంలో ధాతువుతో పాటు స్త్రీ ముఖం ఒకటి, పురుష ముఖం ఒకటి ఉన్న బంగారు బిళ్ళలు దొరికాయి. మహాచైత్యానికి దానమిచ్చి శాసనం వేయించిన ఇక్ష్వాకు రాజకుటుంబపు చాంతిసిరి, తన అల్లుడైన రాజు వీరపురుషదత్తుడి ఆయుష్షునూ విజయాన్నీ కోరుకుంది. పవిత్రమైన వస్తువును లోహంలో మూసి, కంటికి కనపడకుండా దాచి, దాని చలవన అయినవాళ్లు చల్లగా ఉండాలని కోరుకోవడం. ఆ మహాచైత్యం ఇక్ష్వాకుల రాజధాని విజయపురి నగరమంతటికీ కట్టిన తాయెత్తు అని నేను అనుకుంటాను.

బిడ్డల్ని తిన్న తల్లి, బిడ్డల్ని కాచే తల్లి

నాగార్జునకొండ తవ్వకాల్లో బయటపడిన వాటిలో నన్ను బాగా పట్టి ఉంచేది హారీతి గుడి. ఆమె కథ బౌద్ధ గ్రంథాల్లో ఉంది. రాజగృహంలో ఒక యక్షిణి. అయిదువందల మంది బిడ్డల తల్లి. అయినా ఊళ్లో పిల్లల్ని ఎత్తుకెళ్లి తినేది. బుద్ధుడు ఆమె ముద్దుల చిన్నకొడుకును తన భిక్షాపాత్ర కింద దాచాడు. ఆమె లోకమంతా వెతికి, ఏడ్చి, చివరికి ఆయన కాళ్ల మీద పడింది. అయిదువందల మందిలో ఒక్కడు కనపడకపోతేనే నీకింత కష్టమైతే, ఒక్కగానొక్క బిడ్డను పోగొట్టుకున్న తల్లి సంగతేమిటని అడిగాడు. ఆనాటి నుంచి ఆమె పిల్లల్ని కాపాడే దేవత అయింది. అందుకు బదులుగా భిక్షువులు రోజూ ఆమెకు అన్నం పెట్టాలి. ఏడో శతాబ్దంలో మన దేశానికి వచ్చిన చైనా యాత్రికుడు ఇత్సింగ్, విహారాల్లో హారీతి బొమ్మ ముందు నిజంగానే అన్నం పెడుతున్నారని, సంతానం కావాలనుకునేవాళ్లు ఆమెకు మొక్కుకుంటున్నారని రాశాడు.

నాగార్జునసాగర్ నీళ్లు లోయను ముంచెత్తక ముందు అక్కడి కట్టడాలను విప్పి కొన్నిటిని కొండ మీద, కొన్నిటిని జలాశయం ఒడ్డున ఉన్న అనుపులో తిరిగి కట్టారు. అనుపు వెళ్లినవాళ్లు మెట్ల రంగస్థలం దగ్గర ఫొటో దిగి వచ్చేస్తారు. హారీతి గుడి దాకా నడిచేవాళ్లు అరుదు. ఈసారి వెళితే నడవండి.

చంపేదాన్నే కాపలా పెట్టుకోవడం తాయెత్తు శాస్త్రంలో మూలసూత్రం. పాత మెసొపొటేమియాలో బాలింతల్నీ పసికందుల్నీ పట్టే లమష్తు అనే దయ్యానికి భయపడి, అంతకంటే భయంకరమైన పజుజు తలను కంచుతో చేసి కట్టుకునేవారు. మన దగ్గర బొబ్బలు పోసే తల్లే బొబ్బలు తగ్గించే తల్లి. పోలేరమ్మ ముందు వేపరొట్ట పట్టుకుని నిలబడటంలో ఉన్న తర్కమూ ఇదే. పల్నాటి యుద్ధంలో కత్తి దెబ్బలకు నేలకొరిగిన వీరులు కారంపూడిలో కాపాడే దేవతలవడమూ ఈ దారే. కార్తీకమాసంలో వీరారాధన అయిదు రోజులూ ఆచారవంతులు తెచ్చే కొణతాలు, కత్తులు ఇప్పుడు ఎవరినీ పొడవవు. జనం వాటికి మొక్కి చల్లగా చూడమంటారు.

పసికందులకు వచ్చే జబ్బులను మన వైద్యులూ దేవతల పేర్లతోనే పిలిచారు. సుశ్రుత సంహిత తొమ్మిది బాలగ్రహాలను చెబుతుంది. స్కందుడు, రేవతి, పూతన, శకుని, నైగమేషుడు వగైరా. శకుని అంటే పక్షి రూపం. పల్లెల్లో బిడ్డ చిక్కిపోతే పక్షిదోషం అనడం అక్కడి నుంచే వచ్చి ఉంటుంది. అంతకంటే వెనక అథర్వవేదంలోనే మణి కట్టే మంత్రాలున్నాయి. సముద్రంలో పుట్టిన శంఖాన్ని ఒంటికి కట్టి నూరేళ్లు బతకమని కోరే సూక్తం అందులో ఒకటి.

కట్టడానికి వెండి, రాగి ఏమీ లేని ఇంట్లో పేరే తాయెత్తయింది. పుట్టిన బిడ్డలు వరసగా పోతుంటే, ఆ తర్వాత పుట్టినవాణ్ణి పెంటకుప్ప మీద పడుకోబెట్టి, ఎవరిదో బిడ్డను ఎత్తుకొచ్చినట్టు ఇంటికి తెచ్చుకునేవారు. పెంటయ్య, కుప్పమ్మ అలా వచ్చిన పేర్లు. తిని పారేసిన విస్తట్లో పొర్లించినవాడు పుల్లయ్య. గుప్పెడు తవుడుకు పక్కింటివాళ్లకు అమ్మి మళ్లీ కొనుక్కున్నవాడు తవుడయ్య. పనికిరానివాణ్ణి మృత్యువు మాత్రం ఏం చేసుకుంటుందని ఆ తల్లి ఆశ. ఇవాళ అలాంటి పేరు వినిపిస్తే నవ్వేవాళ్లను చూస్తే నాకు బాధగా ఉంటుంది. ఆ పేరు వెనక అంతకుముందు పోయిన ఇద్దరో ముగ్గురో పసివాళ్లు ఉంటారు. వాళ్ల పేర్లు ఏ శాసనంలోనూ లేవు.

భయం ఎలా తగ్గింది

మరి తాయెత్తు బిడ్డల్ని కాపాడిందా? లేదు. ఈ మాట తడబాటు లేకుండా చెప్పాలి. బొడ్డు కోసిన కత్తి శుభ్రంగా లేక వచ్చే ధనుర్వాతం వారం పది రోజుల్లో పసికందు ప్రాణం తీసేది. బిడ్డ విల్లులా వంగిపోతే గ్రహం పట్టిందన్నారు, రక్షరేకులు కట్టారు. దాన్ని ఆపింది గర్భిణికి వేసే టీకా, ఆసుపత్రి కాన్పు. ఆంధ్రప్రదేశ్‌లో నవజాత ధనుర్వాతాన్ని నిర్మూలించినట్టు 2003లో ధ్రువీకరించారు. దేశం మొత్తం మీద ఆ మాట 2015లో చెప్పగలిగాం. మశూచి 1975 తర్వాత మన దేశంలో లేదు. ఏ భయాల కోసం మొలతాడు మీద అన్ని వస్తువులు చేరాయో, వాటిలో పెద్దవాటిని తీసేసింది సూదిమందే.

అందుకే పాము కరిచినవాణ్ణి మంత్రగాడి దగ్గరికి తిప్పి, ఆలస్యంగా ఆసుపత్రికి తెచ్చారని విన్నప్పుడల్లా గుండె రగులుతుంది. పల్నాటి రాళ్లలో, చేలల్లో పాములకూ తేళ్లకూ కొదవలేదు. పాముకాటుకు విరుగుడు మందు ఒక్కటే దారి. మూర్ఛకు, పచ్చకామెర్లకు, పిల్లలు పుట్టకపోవడానికి తాయెత్తు ఉందని ప్రకటనలు ఇచ్చేవాళ్లు మరో రకం. 1954 నాటి ఔషధాలు, మాంత్రిక చికిత్సల చట్టం రోగాలు నయం చేస్తామనే అలాంటి ప్రకటనలను నేరంగా చెప్పింది. మాంత్రిక చికిత్స అంటే ఏమిటో చెబుతూ తాయెత్తునూ, మంత్రాన్నీ, కవచాన్నీ ఆ చట్టం పేరుపెట్టి చెప్పింది. డెబ్బై ఏళ్లు దాటినా టీవీల్లో ఆ వ్యాపారం ఆగలేదు.

పులిగోరు సంగతి కూడా చెప్పాలి. పిల్లాడికి పులిలా ధైర్యం రావాలని బంగారంలో పొదిగించిన పులిగోరు పతకం పాత ఇళ్లలో ఇంకా ఉంది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ధ్రువపత్రం లేకుండా దాన్ని దగ్గర పెట్టుకోవడం నేరం, కొనడం, అమ్మడం ఎటూ నేరమే. నాగార్జునసాగర్ శ్రీశైలం పులుల అభయారణ్యం మాచర్ల అడవులనూ కలుపుకుని ఉంది. మన పిల్లాడి మెడలో గోరు కావాలంటే మన అడవిలో పులి చావాలి. ఆ ఒక్క రక్షను వదిలేయాల్సిందే.

మిగిలినవాటిని వదలమని నేను అనను. టీకా వేయించి, జ్వరమొస్తే డాక్టరుకు చూపించి, ఆపైన నల్లతాడు కట్టుకుంటానంటే తప్పేముంది? నలుగు పెట్టి నీళ్లు పోశాక శ్రీరామరక్ష అంటూ నుదుటిన పెట్టే విభూతి, అరికాలిలో దిష్టిచుక్క ప్రేమ ఉన్నందుకు గుర్తులు. తాడు బిగుసుకోకుండా, చిన్న బిళ్ళలు ఊడి నోట్లోకి పోకుండా చూసుకుంటే చాలు.

నా అసలు దిగులు మరొకటి. వెండి ధర పెరిగిన కొద్దీ పాత మొలతాళ్లు, సిగ్గుబిళ్ళలు, తాయెత్తులు కొట్లలో తూకానికి పోయి కరిగిపోతున్నాయి. 1926లో నాగార్జునకొండ శిథిలాల సంగతి పురావస్తు శాఖకు చేరింది సూరపరాజు వెంకటరామయ్య అనే బడిపంతులు పట్టించుకోవడం వల్ల. ఇంట్లో పాత వస్తువులను పట్టించుకునే మనిషి ఇప్పుడు ప్రతి ఊరికీ కావాలి. 2022 ఏప్రిల్ 4న పల్నాడు జిల్లా ఏర్పడింది. జిల్లా కేంద్రం నరసరావుపేటలో ఒక గదైనా ఈ వస్తువుల కోసం ఉంటే, ఇక్ష్వాకు రాణి కోరికకూ మన నాయనమ్మల కోరికకూ మధ్య ఉన్న పదిహేడు శతాబ్దాలను పిల్లలు ఒకేచోట చూడగలుగుతారు.

అప్పటిదాకా మీరు చేయగలిగింది ఉంది. ఇంట్లో పాత తాయెత్తు ఉంటే కరిగించే ముందు నాలుగు వైపుల నుంచీ ఫొటో తీయండి. లోపలి రేకును విప్పే ప్రయత్నం చేయకండి, పెళుసెక్కిన రేకు చేతిలో ముక్కలవుతుంది. ఎవరు చేశారు, ఎవరికి కట్టారు, ఏ కష్టం వచ్చి కట్టారన్నది పెద్దవాళ్లను అడిగి, తేదీ వేసి రాసిపెట్టండి. చెప్పగలిగినవాళ్లకు ఇప్పుడు ఎనభై దాటుతున్నాయి. ఈ ఆదివారమే అడగండి.